అమ్మవారును అంటువ్యాధియు

సికింద్రాబాదు జనరల్ బజారునందలి ఉజ్జయినీ మహాంకాళి ఆలయమునకు ప్రతి ఆషాఢమాసమునను స్త్రీలు బోనములు కొనిపోవుదురు. కొత్తకుండకు పసుపుకుంకుమలు పెట్టి, వేపమండలు కట్టి, పాలును బెల్లమును చేర్చి వండిన అన్నమును లోపలనుంచి, పైన దీపము వెలిగించి తలపై మోయుదురు. భోజనశబ్దమే బోనమైనది. మరునాడు రంగమున ఒక స్త్రీ పచ్చికుండపై నిలిచి రాబోవు వానలను, పంటలను, రోగములను గూర్చి పలుకును. విద్యావంతులలో పలువురు దీనిని చూచి నవ్వుదురు. చూడకయే నవ్వువారును కలరు. మేము నవ్వుటకు మారుగా విచారణ చేయనెంచితిమి.

ఆలయకథ ఇట్లు చెప్పబడుచున్నది. సైన్యమున డోలీ మోయు సురిటి అప్పయ్య 1813లో తన పటాలముతో ఉజ్జయినియందుండగా, ఇచట కలరా వ్యాపించి జనులు మరణించుచున్నారని విని, ఊరు బ్రతికినచో నీ విగ్రహమును మా ఊర నిలిపెదనని అచటి మహాకాళికి మ్రొక్కుకొనెను. 1815లో తిరిగివచ్చి కొయ్యవిగ్రహమును ప్రతిష్ఠించెను. 1864లో దాని స్థానమున శిలావిగ్రహము వెలసినది. మ్రొక్కినవాడు రాజు కాడు, పండితుడు కాడు. బరువులు మోసి బ్రతుకువాడు. తన యొక్కనికై కాక ఊరంతటికై మ్రొక్కినాడు. ఈ కథలో మాకు మిక్కిలి ఆదరణీయముగా తోచినది ఇదియే.

రోగమునకును దేవతకును గల సంబంధమునకు మన భాషయే సాక్షి. మశూచికము పెద్దమ్మవారు, తట్టు చిన్నమ్మవారు, ఇంకొకటి ఆటలమ్మ. బిడ్డకు రోగము వచ్చినదనరు, అమ్మవారు పోసినదందురు. ఇది తెలుగువారికే కలిగిన తలపు కాదు. వంగదేశమున శీతలాదేవి మశూచికమునకు అధిదేవత. గ్రీకుల ఇలియడ్ కావ్యారంభమున అపోలో దేవుడు బాణములు వేసి సేనలో మహమ్మారిని పుట్టించును. వానిని ప్రార్థింపగా అది శమించును. ఐగుప్తుదేశపు సింహముఖియగు సెఖ్మెత్ రోగములను పంపునదే, ఆమె పూజారులే వైద్యులు. పశ్చిమ ఆఫ్రికాలోని యోరుబా జనులకు షోపోన అట్టివాడు. జపానువారు మశూచికదేవత శాంతించుటకై రోగియగు బిడ్డకు ఎఱ్ఱని వస్త్రములు తొడిగెడివారు. మన భాగవతమున బాణాసురయుద్ధమందు జ్వరములే రూపుదాల్చి పోరాడినవి గదా. ఇన్ని దేశములవారును, ఒకరి మాట ఒకరు వినకయే, తాళము వేసిన చేతియందే తాళపుచెవియు ఉండునని తలచినారు.

ఈ తలపు వైద్యమునకు సహజశత్రువని మావంటివారు సాధారణముగా వాదింతురు. సాక్ష్యము అంత సులభముగా మావైపు మ్రొగ్గదు. 1767లో హాల్వెల్ అను ఆంగ్లవైద్యుడు వంగదేశపు బ్రాహ్మణులు మశూచికపు రసిని ఆరోగ్యవంతుల చేతిపై గాటుపెట్టి అంటించి, పెనురోగము రాకుండ కాపాడుచుండిరని వ్రాసెను. ఆ పని వారు దేవతను ప్రార్థించుచునే చేసిరి. జెన్నరు గోమశూచికముతో టీకాను కనిపెట్టినది 1796లో! మన ఇండ్లలోని ఆచారమునే చూడుడు: అమ్మవారు పోసిన ఇంటి గుమ్మమునకు వేపమండ కట్టగానే ఇరుగుపొరుగువారు లోపల అడుగిడరు. అంటురోగిని వేరుచేయుటకు అంతకంటె సులభమైన ప్రకటనము ఏది?

అయినను కీడు లేదనము. రోగము అతిథియైనప్పుడు మందు అతిథికి అవమానమగును. సూది వేయించిన అమ్మ ఆగ్రహించునని భయపడి ఊరకున్న తల్లులు కన్నులు పోయిన బిడ్డలను, ప్రాణములు పోయిన బిడ్డలను చూచిరి. అపరాధము మ్రొక్కునందు లేదు, ఈ ఊరకుండుటయందు కలదు.

తక్కిన కథ విజ్ఞానముది. కలరా నీటివలన వచ్చునని 1854లో లండనునందు జాన్ స్నో చూపెను. 1884లో కాక్ దాని సూక్ష్మజీవిని కలకత్తా చెరువునీటిలోనే కనుగొనెను. మహాంకాళి ఆలయమునకు కొలది మైళ్లలోనున్న బేగంపేటయందు 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. మశూచికము 1977లో సోమాలియాయందు సహజముగా సోకిన తుదిరోగితో ముగిసెను. 1980లో ప్రపంచారోగ్యసంస్థ దాని నిర్మూలనమును ప్రకటించెను. రోగము పోయినచో దేవతయు పోవునని ఎదురుచూచిన సంస్కర్తలకు ఇచట ఆశ్చర్యము కాచుకొనియున్నది. మశూచికము పోయినది, బోనాలు పోలేదు. 2014లో తెలంగాణ రాష్ట్రోత్సవము కూడ అయినవి. కొత్త రోగము వచ్చిన 2021లో కోయంబత్తూరునందు కరోనాదేవి విగ్రహమే వెలసినది. ప్లేగు నాడు ప్లేగు మారియమ్మ వెలసినదియు ఆ ఊరనే. పరమేశ్వరుడు ఒక్కడే అను మా విశ్వాసమునకు ఇది నచ్చదు. కాని జనులు పూజించినది బొబ్బను గాదు, బ్రతికి బయటపడుటను అని ఒప్పుకొనవలెను.

2020లో మహాంకాళి ఆలయము భక్తజనసమూహము లేకయే బోనాలు జరిపెను. స్త్రీలు ఇండ్లలోనే బోనము సమర్పించిరి. అమ్మవారు అలుగునని ఆగలేదు. ఆ వివేకమే చిన్నమ్మవారి విషయమునను కావలెను. తట్టు నేటికిని పోలేదు. 2023లో ప్రపంచమున లక్షకు పైగా ప్రాణములను హరించెను, వారిలో పెక్కురు ఐదేండ్లలోపు పసివారు. ఊపిరితిత్తుల వాపును, మెదడు వాపును, అంధత్వమును దాని వెంట వచ్చును. గుమ్మమున వేపమండ ఉండనిండు. బిడ్డను వైద్యునికి చూపుడు. ఆయన చెప్పిన ఎ విటమిను మోతాదు ఇప్పింపుడు. టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండినపిదప, రెండవది పదునారు నెలలకును ఇరువదినాలుగు నెలలకును నడుమ. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో దీనికి రుసుము లేదు.