పాత కర్మాగారాల నేలలు – గుర్తించే విధానం

ఉర్దూ కవిత్వంలో ‘అర్ష్’, ‘ఫర్ష్’ అనేవి జంటపదాలు. మొదటిది అత్యున్నత లోకం. రెండవది మన పాదాల క్రింది నేల. కవుల దృష్టి తరచుగా మొదటిదానిపైనే నిలుస్తుంది. మేము ఈ వ్యాసంలో రెండవదానిని గురించి ముచ్చటించదలచాము.

మూతపడిన కర్మాగారాలను పునరుద్ధరించి ప్రజోపయోగానికి తేవడం అనేక దేశాలలో జరుగుతున్నది. లండన్‌లోని బ్యాంక్‌సైడ్ విద్యుత్కేంద్రం 2000లో కళాప్రదర్శనశాలగా మారింది. 1934లో వెలసిన మన వరంగల్లు ఆజంజాహీ మిల్లుకు ఆ భాగ్యం దక్కలేదు. 2002లో అది మూతపడగా, తరువాత కట్టడాలు కూల్చివేయబడ్డాయి. నిలిచిన కట్టడాలలో సైతం గోడలకు లభించే గౌరవం నేలకు లభించదు. తొలి గునపపు పోటు నేలకే తగులుతుంది.

అందుచేత నేలను ముందుగా గుర్తించాలి. తాండూరు, షాబాదు, కడప బండలు మూడూ సున్నపురాయి జాతివే. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే నురుగు పొంగుతుంది. నల్లసేనపు రాతిపై పొంగదు. కనుకనే ఇట్టి బండలను ఆమ్లంతో కడిగితే వాటి నునుపు నశిస్తుంది. ఇటుక పొడి అనగా సుర్ఖీ కలిపిన సున్నపు గచ్చులో ఎర్రని రేణువులు కనిపిస్తాయి. అది తేమను వెలికి వదులుతుంది. దానిని సిమెంటుతో కప్పివేస్తే ఆ తేమ గోడలకు ఎగబ్రాకుతుంది.

కొన్ని యంత్రశాలలలో చెక్క దిమ్మెలను నిలువుగా పేర్చి తారుతో అతికించారు. పైకి తేలిన వృక్షవలయాలే వాటి గుర్తు. జారిపడిన పనిముట్టు వాటిపై విరగదు. కాని నీరు తగిలితే దిమ్మెలు ఉబ్బుతాయి. అతుకులు లేక ఎర్రగానో గోధుమవర్ణంలోనో ఉండి, రంపపుపొట్టు కలిసిన నేల కనిపిస్తే అది మెగ్నీషియా నేల కావచ్చును. ఈ సిమెంటును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సొరెల్ 1867లో ప్రకటించాడు. తడి దీనికి శత్రువు. తడిసినచో దీనిలోని లవణం ఇనుమును తినివేస్తుంది.

అన్నింటికంటె జాగ్రత్త వహించవలసినవి ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలపు పలకలు. తొమ్మిది అంగుళాల చదరపు తారు పలకలలోను, వినైల్ పలకలలోను, వాటి క్రింది నల్లని జిగురులోను ఆస్బెస్టాస్ నారలు ఉండవచ్చును. కొన్ని మెగ్నీషియా నేలలలోను ఇవి ఉంటాయి. కంటిచూపుతో దీనిని నిర్ధారించలేము. నిపుణులు తీసిన నమూనాను ప్రయోగశాలలో సూక్ష్మదర్శినితో పరీక్షించాలి. అంతవరకు పలకలను పగులగొట్టరాదు, అరగదీయరాదు, పొడిగా ఊడ్వరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరితే దశాబ్దాల అనంతరం క్యాన్సరు కలుగవచ్చును.

విద్యార్థులారా! ఆ ధూళిని పీల్చేది నక్షా గీసినవారు కాదు, గునపం పట్టిన కూలీ. మీలో కొందరు రేపు ఇంజనీర్లు కావచ్చును, మరికొందరు గుత్తేదారులు కావచ్చును. నేలను చదివిన తరువాతనే తవ్వించండి. పూర్వపు శ్రామికుని అడుగుజాడలు, నేటి శ్రామికుని ప్రాణం – రెండింటికీ రక్షణ అదియే.