రోగి వెంట వార్డులోకి వచ్చేవి

సెలైన్ పెట్టడం, సూది వేయడం మీకు నర్సింగ్ కాలేజీలో బాగానే నేర్పారు. జబ్బుతోపాటు రోగి వెంట వచ్చే దైవం, ఆచారం, పథ్యం, భయం గురించి మా రోజుల్లో మాకెవరూ చెప్పలేదు. గుంటూరులోనూ ఆ తర్వాత హైదరాబాదులోనూ వార్డుల్లో పనిచేస్తూ, కొందరిని నొప్పించి, ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ ఆలస్యం మీకు తప్పాలని ఇవి రాస్తున్నాను. రోగి నమ్మకం కూడా కేసు షీటులో రాసుకోవలసిన వివరమే. అది తెలుసుకోకుండా చేసిన సేవ సగం సేవే.

1. ముందు అడగండి, తర్వాతే చెయ్యి వేయండి.

ఆపరేషన్‌కు పంపేముందు ఒంటిమీది లోహం తీయించాలి. డయాథెర్మీ వాడేటప్పుడు కాలే ప్రమాదం ఉంటుంది, వేళ్ళు వాస్తే ఉంగరం బిగుసుకుంటుంది. కారణం సరైనదే. కానీ థియేటర్ నుంచి పిలుపు వచ్చిన తొందరలో, ఒక తల్లి మెడలోని తాయెత్తు తాడును నేను అడగకుండా కత్తెరతో తెంచేశాను. మత్తు ఇచ్చేదాకా ఆమె వణుకు ఆగలేదు. నాడి పరుగెత్తింది, బీపీ పెరిగింది. అడిగి ఉంటే ఆమే విప్పి తన తల్లి చేతిలో పెట్టేది. పుస్తెలు తీయవలసి వస్తే పసుపుకొమ్ము కట్టిన దారం ఉంచుకుంటామని మనవాళ్ళు అడుగుతారు. కోత పెట్టే చోటికి దూరంగా ఉంటే డాక్టరుగారు సాధారణంగా కాదనరు. సిక్కు రోగి వెంట్రుకలు తీసేముందు కూడా అంతే. ఎక్కడ, ఎంతమేర, ఎందుకో చెప్పి ఒప్పుకున్నాకే తీయండి.

2. పేరు చూసి మనిషిని అంచనా కట్టకండి.

రికార్డులో ఒక మతం ఉంటుంది, ఆదివారం వెళ్ళే చోటు మరొకటి ఉంటుంది. చర్చికి వెళ్ళే ఇళ్ళల్లోనూ బాలింతకు అమ్మమ్మ చెప్పిన పథ్యమే నడుస్తుంది. ముస్లిం పేరున్న ప్రతివారూ రోజా (ఉపవాసం) ఉండరు, హిందువులందరూ శాకాహారులు కారు. జైనులు చాలామంది పొద్దుగూకాక ఏమీ తినరు, దుంపలు, ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. అలాంటివారికి రాత్రి భోజనం తర్వాత వేసుకోమని మాత్ర రాస్తే అది మంచం పక్కనే ఉండిపోతుంది. అందుకే అడ్మిషన్ రోజునే రెండు ప్రశ్నలు వేయండి. “మీరు తినకూడనివి, చేయకూడనివి ఏమైనా ఉన్నాయా? మీ విషయంలో మేం గుర్తుపెట్టుకోవలసిందేమైనా ఉందా?” జవాబును వారి మాటల్లోనే రాసుకోండి.

3. హాని లేనిదాన్ని ఉండనివ్వండి, సర్దగలిగినదాన్ని సర్దండి, హాని చేసేదాన్ని ఓపికతో మార్చండి.

ఈ మూడు దారులూ నేను కనిపెట్టినవి కావు. భిన్న సంస్కృతుల రోగులకు సేవ ఎలా చేయాలన్నదాన్ని 1950ల నుంచి ఒక శాస్త్రంగా నిలబెట్టిన అమెరికన్ నర్సు మాడలిన్ లైనింగర్ చెప్పినవి. మా ప్రసూతి వార్డుకు ఇవి అచ్చంగా సరిపోయాయి. బిడ్డ నుదుట బొట్టు, ముస్లిం ఇంట పుట్టిన బిడ్డ చెవిలో తండ్రి చెప్పే అజాన్ ఎవరికీ హాని చేయవు. వాటికి రెండు నిమిషాలు ఆగండి. బాలింతకు ఇంటినుంచి వేడి అన్నం, కారప్పొడి తెస్తామంటే తేనివ్వండి, పప్పు, ఆకుకూర కూడా జతచేయమనండి. మంచినీళ్ళు తగ్గించడం, ముర్రుపాలు పిండి పారబోయడం, పసిబిడ్డ నాలుకకు తేనె రాయడం మాత్రం మార్చవలసినవి. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బొటులిజం వచ్చే ప్రమాదం ఉంది. ఇవన్నీ తెలిసిన గర్వంతో నేను అత్తగార్లను వార్డులో అందరి ముందూ కసిరేదాన్ని. వాళ్ళు తలూపేవారు. నా డ్యూటీ దిగాక తేనె నాకించేవారు. కసురుకుంటే ఆచారం చాటుకు పోతుంది. ఒక అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, “అత్తమ్మా, ఈ పసుపుపచ్చటి పాలే బిడ్డకు మొదటి టీకా లాంటివి, మీ చేత్తోనే పట్టించండి” అన్న రోజు నుంచి ఆమే నా తరఫున మిగతావారికి చెప్పేది.

4. ఉపవాసాన్ని మందుల లెక్కలో ముందే కలపండి.

రంజాన్ నెలలో మధుమేహం ఉన్నవారు మనం తిడతామని రోజా సంగతి దాస్తారు. మధ్యాహ్నం మాత్ర మానేస్తారు, లేదా సాయంత్రం రెండూ కలిపి వేసుకుంటారు. నెల ముందే డాక్టరుతో కూర్చోబెడితే మోతాదును తెల్లవారుజామున తినే సహర్‌కూ ఇఫ్తార్‌కూ సర్దవచ్చు. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని ఎక్కువమంది ఉలేమాలు చెబుతారు. షుగర్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలి. జబ్బుతో ఉన్నవారికి ఖురాన్ మినహాయింపు ఇచ్చింది. ఆ మాట మన నోటికన్నా వారి ఇమాం నోట వస్తే మనసుకు పడుతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవారు మండలం పాటు చెప్పులు లేకుండా నడుస్తారు. కాళ్ళలో స్పర్శ తగ్గిన మధుమేహ రోగికి మేకు గుచ్చుకున్నా తెలియదు. వారి గురుస్వామితో మాట్లాడి పాదరక్షలకు అనుమతి అడగమనండి. ఏది ఏమైనా రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోవడం నేర్పండి.

5. వద్దన్న రోగిని వదిలేయకండి.

యెహోవాసాక్షులనే క్రైస్తవ వర్గంవారు రక్తం ఎక్కించుకోరు. ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా కూడా వద్దంటారు. ఆల్బుమిన్ వంటివి ఎవరి మనస్సాక్షి మేరకు వారు తేల్చుకుంటారు. అందుకే ఏది సమ్మతమో ఏది కాదో విడివిడిగా, బంధువుల ఒత్తిడి లేనప్పుడు అడిగి రాసుకోండి. అన్నీ తెలిసి వద్దనే హక్కు పెద్దవారికుంది. ఆ తర్వాత మన పని పెరుగుతుంది. ఆపరేషన్‌కు చాలా ముందే ఐరన్‌తో రక్తం పెంచాలి, పరీక్షలకు తీసే రక్తం తగ్గించాలి. జంతువుల నుంచి వచ్చే మందులు వద్దనేవారి విషయమూ ఇంతే. హెపారిన్ ఎక్కువగా పంది పేగుల నుంచి తయారవుతుందని, చాలా క్యాప్సూళ్ళ పైపొర జంతువుల జిలాటిన్‌దని అడిగినవారికి నిజం చెప్పండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అలాంటి మందులు వాడవచ్చని ఆయా మతాల పెద్దలే చెప్పే సందర్భాలు ఉన్నాయి. దాచి ఇస్తే మాత్రం పోయిన నమ్మకం తిరిగి రాదు.

6. మీ దేవుణ్ణి రోగిమీద రుద్దకండి.

నొప్పితో ఉన్న మనిషి మనల్ని కాదనలేడు, ఎందుకంటే మందు మన చేతిలో ఉంది. మీ ప్రార్థన మీ మనసులో చేసుకోండి. రోగి అడిగితే పక్కన నిలబడండి. నాస్తికుడైతే ఆయన మౌనానికీ అంతే గౌరవం ఇవ్వండి.

7. చివరి ఘడియకు విజిటింగ్ అవర్స్ ఉండవు.

నేను ఎక్కువగా బాధపడేది ఇక్కడే. నిబంధన పేరుతో ఒక కొడుకును గేటు బయట నిలబెట్టాను. తండ్రి నోట్లో తులసితీర్థం పోయలేకపోయానన్న దుఃఖం అతని ముఖంలో చూశాను. మింగలేని స్థితిలో తీర్థం పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపిన దూదితో పెదవులు అద్దమంటే ఆచారమూ తీరుతుంది, ఊపిరీ ఆడుతుంది. ముస్లిం కుటుంబం మంచాన్ని ఖిబ్లా (మక్కా) వైపు తిప్పమంటే, గొట్టాలు అడ్డం కాకపోతే తిప్పండి. పోయాక కళ్ళు మూసి, కాళ్ళు చేతులు సరిచేసి, కాగితాలు త్వరగా పూర్తిచేయండి, ఖననం ఆలస్యం చేయరు. కాథలిక్ కుటుంబమైతే ప్రాణం ఉండగానే ఫాదర్‌ను పిలిపించాలి. పరిస్థితి చేయిదాటుతోందని ఇంటివారికి వేళకు చెప్పడమే వీటన్నిటికీ మూలం.

రేపు డ్యూటీ అప్పగించేటప్పుడు బీపీ, షుగర్, డ్రెయిన్ లెక్కలు చెప్పాక ఒక్క వాక్యం కలపండి. ఈ మనిషికి ఏది ముఖ్యమో చెప్పండి. అది మందుల చీటీలో ఉండదు. అడిగి తెలుసుకున్న నర్సు చెబితేనే తర్వాతి నర్సుకు తెలుస్తుంది.