పాలు కక్కే పిల్లలు, గ్యాస్ మందులు

పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ మా అపార్ట్‌మెంట్‌లో బాలింతలు “సిస్టరమ్మా, వీడు కక్కుతున్నాడు, గ్యాస్ మందు వెయ్యనా?” అంటూ వస్తుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. ముందు తూకం చూడండి. కక్కినా హుషారుగా ఆడుకుంటూ బరువు పెరిగే బిడ్డకు మందు అక్కర్లేదు. కక్కడం నాలుగో నెల ప్రాంతంలో ముదురుతుంది. ఏడాది, ఏడాదిన్నరకల్లా చాలామందికి దానంతటదే పోతుంది. పాలు కొంచెం కొంచెంగా పట్టి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోండి. పడుకోబెట్టడం మాత్రం వెల్లకిలానే. బోర్లా వద్దు, తల కింద దిండూ వద్దు.

2. ఒమెప్రజోల్, లాన్సొప్రజోల్ లాంటివి పొట్టలో యాసిడ్‌ను తగ్గిస్తాయే గానీ పాలు పైకి రాకుండా ఆపలేవు. మందు వేశాకా కక్కుతాడు, అందులో పులుపు తగ్గుతుందంతే. ఇది తెలియకే డోసు పెంచమంటారు. 2009లో అచ్చయిన ఒక పరీక్షలో 162 మంది పసివాళ్లలో సగం మందికి లాన్సొప్రజోల్, మిగతా వాళ్లకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. పాలవేళ ఏడుపు బాగా తగ్గినవాళ్లు రెండు వైపులా 54 శాతమే! పైగా ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు అసలు మందు పడినవాళ్లలోనే ఎక్కువ. క్రిములను చంపేదీ ఆ యాసిడే కదా.

3. ఆకుపచ్చగా కక్కినా, నెత్తురు కనబడినా, పొట్ట ఉబ్బినా, పాలు దూరంగా చిమ్మినట్టు పడుతున్నా వెంటనే ఆసుపత్రికి. గ్యాస్ మందుతో పొద్దుపుచ్చొద్దు.

4. కొందరికి అసలు తగాదా ఆవుపాలు, గేదెపాలతోనే. చనుబాలిచ్చే తల్లి డాక్టరు చెబితే రెండు నుంచి నాలుగు వారాలు పాలూ పెరుగూ మాని చూడాలి. పెరుగన్నం లేకుండా ఎలాగని మనవాళ్లు గోల పెడతారు. పెట్టనివ్వండి.

5. తాతగారి పరగడుపు బిళ్ళను విరిచి, పొడి చేసి పాలలో కలిపి పట్టే ఇళ్లు చూశాను. పాంటొప్రజోల్ బిళ్ళకు పైపూత ఉంటుంది. పొడి చేస్తే ఆ పూత పోయి, మందు పొట్టలోని యాసిడ్‌కే పాడైపోతుంది. ఒమెప్రజోల్ క్యాప్సూల్ విప్పితే ఆవగింజల కన్నా చిన్న గుళికలుంటాయి, వాటి సంగతీ అంతే. ఘనాహారం తినే పిల్లలకైతే ఆ గుళికలను పొడి చేయకుండా చెంచాడు యాపిల్ గుజ్జు మీద చల్లి, నమలనివ్వకుండా, తిండికి అరగంట ముందు మింగించాలి. చంటిబిడ్డకు ఎలా పట్టాలో డాక్టరునే అడగండి.

6. సిరప్ అయితే వంటింటి చెంచా వద్దు, సిరంజితో కొలవండి. ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని మిల్లీలీటర్లు అని రెండూ అడగాలి. ఒకే మందు ఒక సీసాలో పలచగా, ఇంకో సీసాలో చిక్కగా ఉండొచ్చు.

7. అన్నకు రాసిన పాత చీటీ తమ్ముడికి పనికిరాదు. డోసు బరువును బట్టి కడతారు. అందులో రానిటిడిన్ ఉంటే అసలే వద్దు. క్యాన్సర్ కారకమని అనుమానమున్న మలినం బయటపడి 2020లో అమెరికా దాన్ని మార్కెట్ నుంచి తీసేయించింది. మన అత్యవసర మందుల జాబితా నుంచీ 2022లో తొలగించారు.

8. మందు మొదలుపెట్టిన రోజే ఎప్పుడు ఆపాలో అడగండి. మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు వేసి మళ్లీ చూస్తారు. ఒక్కసారిగా మానేస్తే కొన్నాళ్లు యాసిడ్ ఎదురు తిరిగి ఎక్కువగా ఊరొచ్చు. అది చూసి “మందు లేకపోతే వీడికి కుదరదు” అని మళ్లీ సీసా కొనుక్కొస్తారు. ఎలా తగ్గిస్తూ మానాలో డాక్టరు చేత చీటీ మీదే రాయించుకోండి.