వయసు మరుపా, జబ్బు మొదలా?

సమస్య: మా అమ్మకు 68 ఏళ్లు. నాన్న, ఆమె మాత్రమే ఇంట్లో ఉంటారు. అమ్మ వంటకు వంక పెట్టినవాళ్లు లేరు. అలాంటిది ఈమధ్య పులుసు మరుగుతుంటే చింతపండు పిసికానా లేదా అని తేల్చుకోలేక గరిటె పట్టుకుని నిలబడిపోతోంది. పొద్దున పాలవాడికి డబ్బులిచ్చి, సాయంత్రం మళ్లీ ఇవ్వబోయింది. గాజులు పనిమనిషే తీసిందని నానా మాటలూ అంది. చివరికి అవి బియ్యం డబ్బాలో దొరికాయి. నాన్న "ధ్యాస లేదు" అని కసురుతారు. అన్నయ్య "వయసు మీద పడితే మామూలే" అంటాడు. డాక్టరు మాట ఎత్తితే అమ్మ "నాకేమన్నా పిచ్చా?" అని ఏడుస్తుంది. ఏం చేయను?
- ఒక కూతురు, తెనాలి

సలహా: మీ అనుమానం సరైనదే, ఆలస్యం చేయకండి. కళ్లజోడు వెతుక్కోవడం, చుట్టాల పేరు కాసేపాగి గుర్తు రావడం వయసుతో వచ్చేవే. ఏళ్ల తరబడి చేయి తిరిగిన పనిలో వరస తప్పడం, ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టే గుర్తు లేకపోవడం అలాంటివి కావు. అమ్మగారిని పక్కింటావిడతో కాదు, రెండేళ్ల కిందటి అమ్మగారితోనే పోల్చి చూడండి.

అలాగని డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని మీరే తేల్చేయకండి. బి12 లోపం, థైరాయిడ్ మందగించడం, దిగులు, చెవుడు, కొన్ని నిద్రమాత్రలు, అలర్జీ మాత్రల వల్ల కూడా ఇలా జరగొచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ముందు ఫిజీషియన్‌కు చూపించండి, ఆయన పంపితే న్యూరాలజిస్టుకు. "నాన్నకూ నీకూ కలిపి బీపీ, షుగర్, రక్తపరీక్షలు చేయిద్దాం" అంటే ఆమె కాదనకపోవచ్చు. వాడే మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ఎప్పుడు ఏం జరిగిందో కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి, ఆమె ఎదుట చదివి చిన్నబుచ్చకండి. ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా అయోమయం ముదిరినా, కిందపడ్డాక మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో "గుర్తు లేదా?" అన్న ప్రశ్న మానేయమని నాన్నగారికి చెప్పండి. వంట మాన్పించకండి, పక్కన ఒకరుండి, గ్యాస్ కట్టేసిందీ లేనిదీ చూసుకుంటే చాలు. పాలు, కిరాణా లెక్క నాన్నగారు పుస్తకంలో రాయాలి. పనిమనిషికి విషయం చెప్పి, అమ్మగారు అన్న మాటలకు మీరు క్షమాపణ అడగండి. సాయం కావాలంటే వృద్ధుల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు.

ఈ జవాబు మీ అన్నయ్యకూ చూపించండి. వయసే కదా అని ఊరుకుంటే, నయం చేసుకోగలిగిన జబ్బు కూడా ముదిరిపోతుంది.