ఔషధం తాకే చోటు

మొక్కల నుండి మందు తీయడం మానవునికి అనాదిగా తెలిసిన విద్య. ఆ మందు దేహంలో ఏ చోట తాకి పనిచేస్తుందో నిరూపించడం మాత్రం ఇరవయ్యవ శతాబ్దంలో అలవడిన విద్య. ఒక్కొక్క కణంలో వేల రకాల ప్రోటీన్లు ఉంటాయి. మొక్కలోని పదార్థం వాటిలో దేనిని పట్టుకొంటుందో తెలుసుకొనడం ఎట్లా?

అడవినాభి వంటి మొక్కలలో ఉండే కాల్చిసిన్ కణవిభజనను ఆపుతుందని శాస్త్రజ్ఞులు ముందే ఎరుగుదురు. 1967లో చికాగో విశ్వవిద్యాలయంలో బోరిసీ, టేలర్ అనే ఇద్దరు దానికి రేడియోధార్మికత కల్పించి, అది కణాలలో దేనికి అంటుకొంటుందో పరిశీలించారు. ముద్ర వేసిన పశువు మందలో ఎక్కడున్నా తెలిసిపోతుంది గదా! అట్లా బయటపడిన ప్రోటీనుకే తరువాత ట్యూబ్యులిన్ అని పేరు వచ్చింది. ఈ ప్రోటీన్ అణువులు ఒకదానితో ఒకటి చేరి సూక్ష్మనాళికలుగా ఏర్పడతాయి. విభజన వేళ క్రోమోసోములను రెండు వైపులకు లాగేవి ఆ నాళికలే. కాల్చిసిన్ వాటిని ఏర్పడనీయదు. మన పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు నుండి తీసిన విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులూ ఇదే పని చేస్తాయి.

అమెరికా పశ్చిమ తీరపు అడవులలో పసిఫిక్ యూ అనే వృక్షం పెరుగుతుంది. దాని బెరడులోని టాక్సాల్ నిర్మాణాన్ని మన్రో వాల్, భారతదేశంలో జన్మించిన మన్సుఖ్ వాణి, వారి సహచరులు 1971లో ప్రకటించారు. అయినా దానిపై ఆసక్తి అంతంతమాత్రమే. బెరడులో అది అత్యల్పం, నీటిలో కరగదు, బెరడు ఒలిస్తే చెట్టు బ్రతుకదు.

ఈ ఉదాసీనతను తొలగించిన వారిలో ముఖ్యురాలు న్యూయార్క్ శాస్త్రవేత్త సూసన్ హోర్విట్జ్. ఆమె బృందం శుద్ధిచేసిన ట్యూబ్యులిన్‌కు టాక్సాల్ కలిపి చూసింది. నాళికలు ఏర్పడడం ఆగలేదు సరికదా, మరింత త్వరగా ఏర్పడ్డాయి! సాధారణంగా చలికీ, కాల్షియానికీ విడిపోయే నాళికలు ఈసారి చెక్కు చెదరలేదు. 1979లో ఈ ఫలితం వెలువడింది. మరుసటి ఏడు, టాక్సాల్ సోకిన కణాలలో నాళికలు కట్టలు కట్టలుగా పేరుకొన్నట్లు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపింది. విడిపోవలసిన వేళ విడిపోని నాళికలు కూడ విభజనకు అడ్డే. ప్రోటీన్ ఒకటే, పని మాత్రం విపరీతం.

అంతవరకు ఎవరూ ఎరుగని ఈ పద్ధతి టాక్సాల్‌పై ఆశలు రేపింది. 1992లో అమెరికాలో అండాశయ క్యాన్సర్ చికిత్సకు దానికి అనుమతి లభించింది. మందు తాకే చోటు తెలియడంతో దాని బాధ కూడ కొంత బోధపడింది. నాడీకణాల పొడవైన తంతువులలో సరకు రవాణాకు దారులు ఈ నాళికలే. టాక్సాల్ పుచ్చుకొన్న రోగులలో పలువురికి చేతివ్రేళ్ళు, అరికాళ్ళు తిమ్మిరెక్కడానికి ఇది ఒక కారణం.