చేతిదీపము – దానికి తగిన సెల్లు

అనంతపురము జిల్లాలో అది ఒక మెట్టపల్లె. వేరుసెనగ ఊడలు దిగి కాయ పట్టు వేళకు అక్కడ అడవిపందుల బెడద మొదలగును. పందులు ఒక్క రాత్రిలో చేనంతయు కుళ్లగించి పోగలవు. కావున రైతులు చీకటి పడగానే కావలికి బయలుదేరుదురు. ఒక చేత కఱ్ఱ, మఱియొక చేత టార్చిలైటు. కఱ్ఱ పందులకై, లైటు తమ కాళ్లకై. కట్లపాము రాత్రివేళనే సంచరించును. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా కట్టినది. వారిలో పెక్కుమంది పల్లెవాసులే. అట్టి దారిలో చేతనున్న దీపము నడుమ ఆరిపోవుట చిన్న విషయము కాదు.

ఆ పల్లెలో ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు తన తాత లైటునకు క్రొత్త సెల్లులు కొనితెచ్చెను. తాతది రెండు సన్నసెల్లులు పట్టు ఎల్.ఇ.డి. లైటు. కావలి దినములలో సెల్లులకే ఆయన చేతిడబ్బు చాలవఱకు అయిపోవుచుండెను. మరల మరల చార్జి చేసికొన దగిన సెల్లులు బజారులో కనబడగా బాలుడు పాతదానిని ప్రక్కన బెట్టి కొలిచి చూచెను. పొడవు సరిపోయినది, లావును సరిపోయినది. ఇంటికి వచ్చి వానిని లైటులో వేసి మీట నొక్కగా ఎదుటి గోడ తెల్లగా మెఱసెను.

"పట్టపగలు చేసితివిరా అబ్బాయీ!" అని తాత మురిసిపోయి చేనికి పోయెను.

సగము దారిలో లైటు చేతికి వేడిగా తగులసాగెను. ఒక్కసారి నీలముగా వెలిగి, అంతటితో ఆరిపోయెను. మిగిలిన దారి యంతయు ఆయన కఱ్ఱతో నేలను తట్టుచు, అడుగులో అడుగు వేయుచు నడచెను.

మఱునాడు బాలుడు ఆ లైటును మోటార్లు బాగుచేయు మెకానిక్కు వద్దకు తీసికొనిపోయెను. అతడు మీటరు తీగలను సెల్లు రెండు కొనలకు ఆనించి చూచి తల పంకించెను.

"ఇవి లిథియము సెల్లులు, అబ్బాయీ. పాతవి రెండు కలిసిన 3 వోల్టులు. ఇవి రెండు కలిసిన 8 వోల్టులకు పైమాట. లోపలి దీపము మాడిపోయినది. మీ తాత చేతిలో సెల్లు పగిలి మంట రానందుకు సంతోషింపుము."

"కొలత ఒకటే గదా అన్నా! చక్కగా పట్టినవి."

"పట్టుట వేఱు, పనికివచ్చుట వేఱు."

ఆ బాలుడు చేసిన పొరపాటు పెద్దలును చేయుచుందురు. సెల్లు వోల్టేజి దాని పరిమాణమును బట్టి యుండదు. లోపలి పదార్థములను బట్టి యుండును. గడియారములో వేయు సన్నసెల్లును, పాతకాలపు పొడుగు టార్చిలో వేయు లావుసెల్లును చూడుడు. రెండింటిలోను జింకు, మాంగనీసు డయాక్సైడులే కలవు; కావున రెండును 1.5 వోల్టులే. లావుదానిలో సరకు ఎక్కువ కనుక అది ఎక్కువకాలము పని చేయును, అంతే భేదము. ఈ జింకు సెల్లునకు మూలపురుషుడు 1866లో దానిని నిర్మించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెక్లాంచి. ఆయన సెల్లులో ద్రవముండెను. ఒలికిపోవు వస్తువును చేతబట్టి నడచుట యెట్లు? ద్రవమునకు బదులు ముద్దవంటి పదార్థమును నింపిన తరువాతనే చేతిదీపము సాధ్యమైనది. 1899లో అమెరికాలో డేవిడ్ మిసెల్ అను నతడు గొట్టములో సెల్లులను వరుసగా నిలిపిన దీపమునకు పేటెంటు పొందెను. ఆనాటి సెల్లులు ఎంత దుర్బలములనగా, దీపమును క్షణము వెలిగించి ఆర్పవలసి యుండెను. అందువలననే ఆంగ్లమున దానికి ఫ్లాష్ లైటు, అనగా మెఱుపుదీపము, అను పేరు నిలిచిపోయినది.

చార్జి చేయదగిన సెల్లులలో నేడు చేతిదీపములకు వాడునవి ముఖ్యముగా రెండు జాతులు. నికెల్ మెటల్ హైడ్రైడు సెల్లు 1.2 వోల్టులది. 1.5 ఉండవలసిన చోట 1.2 ఎట్లు చాలునని సందేహము కలుగవచ్చును. జింకు సెల్లు 1.5 వద్ద నిలిచియుండదు; వాడిన కొలది 1.3, 1.2, 1.0 అని దిగిపోవుచునే యుండును. నికెల్ సెల్లు చాలవఱకు 1.2 వద్దనే నిలకడగా పని చేసి, కడపట ఒక్కసారి దిగును. కావున సాధారణముగా ఒకదాని స్థానమున రెండవది చక్కగా కుదురును.

లిథియం అయాన్ సెల్లు సంగతి వేఱు. అది 1991లో అంగడికి వచ్చినది. దాని నిర్మాణమునకు మూలమైన కృషికి గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. దాని వోల్టేజి 3.6 లేక 3.7, నిండుగా చార్జి చేసిన 4.2. అనగా ఒక్క లిథియము సెల్లు మూడు నికెల్ సెల్లుల పెట్టు. దాని పేరు అంకెలలోనే యుండును. 18650 అనిన 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు; చివరి సున్న అది గుండ్రని గొట్టమువంటిదని తెలుపును. 14500 అనిన 14 లావు, 50 పొడవు. ఇది సరిగా సన్నసెల్లు కొలతయే. బాలుడు కొనినవి ఇవియే. రెండు జాతులను తట్టుకొను లైటులును లేకపోలేదు; ఆ మాట లైటుతో వచ్చిన కాగితమున వ్రాసియున్ననే నమ్మవలెను.

కొలతలోను ఒక చిక్కు కలదు. కొన్ని లిథియము సెల్లుల అడుగున రక్షణకై ఒక చిన్న పలక అమర్చెదరు. సెల్లు అతిగా ఖాళీయైనను, కొనలు పొరపాటున కలిసినను, అది విద్యుత్తును ఆపివేయును. దానివలన 65 మిల్లీమీటర్ల సెల్లు 69 వఱకు పెరుగును. మూత పట్టకున్న బలవంతముగా బిగింపరాదు. సెల్లు నొక్కుపడిన లోపలి పొరలు కలిసి అగ్ని పుట్టవచ్చును.

ఇక సెల్లుపై వ్రాయు మిల్లీ ఆంపియరు గంటల లెక్క. 2000 అని యున్న సెల్లు 250 మిల్లీ ఆంపియర్లు లాగు లైటును సుమారు 8 గంటలు వెలిగించును. అయితే వేఱువేఱు జాతులను ఈ లెక్కతో పోల్చుట తగదు. నికెల్‌ది 1.2 వోల్టుల 2000, లిథియముది 3.6 వోల్టుల 2000. రెండవదానిలో శక్తి మూడింతలు. అంగడిలో ఈ అంకెలతోనే మోసము అధికము. 18650 కొలతలో మంచి సెల్లు సామర్థ్యము 3500కు అటునిటుగా నుండును. 9900 అని వ్రాసిన సెల్లును త్రాసులో వేసి చూడుడు. మంచి సెల్లు సుమారు 45 గ్రాములుండును. అది చాల తేలికగా నున్న, అంకె కేవలము తొడుగుమీది సిరాయే.

అన్నిటికన్న తెలియక చేయు తప్పు పాతవానిని క్రొత్తవానిని కలుపుట. నాలుగు సెల్లుల లైటులో మూడు క్రొత్తవి, ఒకటి పాతది అనుకొనుడు. వరుసలో ప్రవహించు విద్యుత్తు అన్నింటికిని ఒక్కటే. పాతది ముందుగా ఖాళీ యగును. అయినను తక్కిన మూడును దాని గుండ విద్యుత్తును నెట్టుచునే యుండును. అప్పుడు దాని ధనధ్రువము ఋణధ్రువముగా తారుమారగును. నికెల్ సెల్లు చెడును, జింకు సెల్లు కారును, లిథియము సెల్లు అంటుకొనవచ్చును. ఒక్క మీదుపైసకు ఆశపడి మూడు మంచివానిని చెఱచుకొనువారు ఎందఱో.

చార్జరును సెల్లు జాతిదే కావలెను. లిథియము చార్జరు 4.2 వోల్టులు చేరువఱకు నింపజూచును. నికెల్ సెల్లు ఆ మెట్టునకు ఎన్నడును చేరదు, వేడెక్కుచునే యుండును. జింకు సెల్లులనైతే ఏ చార్జరులోను పెట్టరాదు. తొడుగు చినిగిన సెల్లును జేబులో తాళపుచెవులతో వేసికొనరాదు. చార్జి చేయదగిన సెల్లులలో వెలుపలి డబ్బా యంతయు ఋణధ్రువమే. చెడిన సెల్లులను చెత్తలో పాఱవేయక తిరిగి ఇచ్చుటకై బ్యాటరీ వ్యర్థముల నియమములు 2022లో వచ్చినవి. వాడినవానిని సేకరించు బాధ్యత తయారీదారులదే.

బాలుని లిథియము సెల్లులను దుకాణదారుడు తిరిగి పుచ్చుకొనలేదు. మెకానిక్కు వానిని ఒంటిసెల్లు లైటున్న మఱియొకరికి ఇప్పించి, వచ్చిన సొమ్ముతో రెండు నికెల్ సెల్లులు, వానికి తగిన చార్జరు తెప్పించెను. లైటులోని మాడిన దీపమును మార్చెను. బాలుడు రెండు సెల్లులమీదను ఒకే తేదీ వ్రాసెను, జత విడిపోకుండుటకై. ఆ రాత్రి వెలుగు మునుపటివలె కన్నులు చెదరగొట్టునది కాదు. తాత దానిని కొంచెము అనుమానముగానే చూచి, పుచ్చుకొని గట్టు దిగెను. రెండవ జామున చేని కొసను పందుల అలికిడి కాగా, ఆయన మంచె మీదనుండి లైటు వేసెను.