కెర్నెల్‌కు కరెంటు లెక్క చెప్పడం ఎలా?



రాత్రి రౌండ్‌కు వచ్చిన వార్డెన్ సార్, ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతుంటే ఆర్పేస్తారు. వరండా లైటు జోలికి మాత్రం వెళ్లరు. వోల్టేజ్ రెగ్యులేటర్ల విషయంలో లినక్స్ కెర్నెల్ చేసేదీ ఇదే. ఈ చిన్న విషయం తెలియక ఎం.టెక్. ప్రాజెక్టులో మేమిద్దరం నాలుగు రాత్రులు నిద్రపోలేదు.

ఇంట్లో టీవీకి స్టెబిలైజర్ ఎలాగో, బోర్డు మీది చిప్‌లకు రెగ్యులేటర్ అలాగ. మేము వాడిన బీగిల్‌బోన్ బ్లాక్ బోర్డుకు బయటి నుంచి 5 వోల్టులు వస్తాయి. అందులోని టీపీఎస్65217 అనే చిప్ వాటిని తగ్గించి, ఏ భాగానికి ఎంత కావాలో అంత పంచుతుంది. ఏ తీగ ఎక్కడికి పోతుందో కెర్నెల్‌కు తనంతట తెలియదు. డివైస్ ట్రీ అనే ఫైలులో మనమే రాయాలి. కెర్నెల్‌లో రెగ్యులేటర్ల విభాగం 2008లో, 2.6.27 వెర్షన్‌తో వచ్చింది.

రాయవలసినవి ముఖ్యంగా నాలుగు:

1. కనిష్ఠ, గరిష్ఠ వోల్టేజ్: మైక్రోవోల్టులలో రాయాలి. 3.3 వోల్టులంటే 3300000. ఈ బోర్డు ప్రాసెసర్‌కు 925000 నుంచి 1351500 వరకు ఉంటుంది. గరిష్ఠం ఎక్కువ రాస్తే చిప్ కాలిపోవచ్చు. సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టండి.

2. బూట్-ఆన్: కెర్నెల్ లేచేసరికే వెలుగుతున్న లైటు.

3. ఆల్వేస్-ఆన్: వరండా లైటు. ఎన్నడూ ఆర్పకూడదు.

4. సప్లై: ఈ పరికరం ఫలానా రెగ్యులేటర్ మీద బతుకుతోందని చెప్పే మాట. గదిలో మనిషి ఉన్నాడని రిజిస్టరులో రాసినట్టు.

మేము ఒక సెన్సర్‌కు విడిగా రెగ్యులేటర్ కలిపి, బూట్-ఆన్ అని రాసి, సప్లై మాట మరిచాం. బోర్డు లేచిన అర నిమిషానికి సెన్సర్ ఆగిపోయేది. పాడైందనుకొని దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీకి పోయి ఇంకొకటి కొన్నాం. అదీ అంతే! రివ్యూకు ఇంక మూడు రోజులే. బోర్డు కాలేజీది, కాలిందేమోనని ఒకటే భయం. మా ఇళ్లలో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఫోన్ చేసి అడగడానికి ఎవరూ లేరు.

చివరికి కెర్నెల్ లాగ్ మొదటి నుంచి చదివాం. మా రెగ్యులేటర్ పేరు, పక్కనే 'డిసేబ్లింగ్' అన్న మాట. ఎవరూ అడగని రెగ్యులేటర్‌ను కొత్త కెర్నెల్‌లు 30 సెకన్లు చూసి ఆపేస్తాయి. ఆల్వేస్-ఆన్ అని రాస్తే పని జరిగేదే గాని, అవసరం లేనప్పుడు కూడా కరెంటు ఖర్చవుతుంది. సెన్సర్ డ్రైవర్‌లో రెగ్యులేటర్‌ను అడిగే కోడ్ ముందే ఉంది. కాబట్టి డివైస్ ట్రీలో సప్లై అనే ఒక్క వరుస చేర్చాం. సెన్సర్ తెల్లవార్లూ పనిచేసింది. రివ్యూ గట్టెక్కింది.

తమ్ముళ్లారా! దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ రోడ్లలో కోచింగ్ సెంటర్ల బోర్డులు చూసి, ఫీజు కట్టలేమని దిగులు పడకండి. కెర్నెల్ కోడ్, దాని వివరణ పత్రాలు అందరికీ ఉచితం. లాగ్ చదవడం నేర్చుకోండి. అవసరమైనది నోరు తెరిచి అడగండి. అడగని వారి దీపాన్ని కెర్నెల్ కూడా ఆర్పేస్తుంది.